ఎంక్వైరీ కాక

మొన్న ఆదిలాబాద్ నుంచి వస్తుంటే ఇచ్చోడ దగ్గర బస్సు ఆగింది. డ్రైవర్ టీ తాగడానికి దిగాడు. రోడ్డు పక్కన ఒక జీపు మైకు కట్టుకుని నెమ్మదిగా పోతోంది. రోడ్డుకు లోపల ఏదో ఊళ్ళో ఎడ్ల పందేలు ఉన్నాయట, రండి రండి అని పిలుస్తున్నాడు. ఆ పిలిచేవాడి గొంతు బాగానే ఉంది గానీ ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియదు. ఊరి పేరు సగంలో మింగేశాడు, తారీఖు దగ్గర అనవసరంగా అరిచాడు. నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది: "వీనికి మైకు ఎవడిచ్చిండు?"

పక్క సీటాయన నన్ను ఎగాదిగా చూశాడు. అది నా మాట కాదు. ఆ మాట అసలు యజమాని పోయి రెండేళ్ళు దాటింది. మా బెల్లంపల్లి క్వార్టర్లలో ఆయన్ను అందరూ ఎంక్వైరీ కాక అనేవాళ్ళు.

అసలు పేరు రాయను. బతికుండగా ఒకసారి రాస్తానంటే ఒప్పుకోలేదు. "నా పేరు పేపర్ల ఎందుకు ఎయ్యాలె? నేనేమన్న గుర్రాన్నా?" అన్నాడు. ఆయన లెక్కలో పేపర్లో పేరు పడే యోగ్యత ముందు రేసు గుర్రాలకు, తర్వాత వాటిని తోలే జాకీలకు. రేసులో తప్పొప్పులు చూసి తీర్పు చెప్పే పెద్దలుంటారు, స్టీవార్డులంటారు. వాళ్ళ పేర్లు కూడా పడాల్సిందే, కాకపోతే పక్కన వాళ్ళు చేసిన తప్పులతో సహా.

బొగ్గు గనుల ఊళ్ళో గుర్రాల పిచ్చి ఎక్కడిదని మీకు అనుమానం రావచ్చు. మా ఊళ్ళో గుర్రం కనబడేది పెళ్ళి బరాత్‌లోనే, అదీ అద్దెది. కాక గుర్రప్పందెం చూసి అందులో పడలేదు, విని పడ్డాడు. పనిలో ఉండగా కంట్లో ఇనుప రజను పడితే కంపెనీవాళ్ళు హైదరాబాదు పంపించారు. మలక్‌పేటలో ఒక దవాఖానాలో రెండు కళ్ళకూ పట్టీలు కట్టి తొమ్మిది రోజులు పడుకోబెట్టారు. ఆదివారం మధ్యాహ్నం కిటికీలోంచి ఒక గొంతు వినబడింది. దగ్గర్లోని రేసుకోర్సు మైకు. ఎవరో ఇంగ్లీషులో గుర్రాల పేర్లు చెబుతూ చెబుతూ వేగం పెంచి, ఆఖర్న ఒక్క పేరు దగ్గర ఆగాడట. కాకకు ఇంగ్లీషు రాదు. "అయినగాని బిడ్డా, ఏది ముందటున్నదో, ఏది ఎనుకకు పడ్డదో, ఏది మల్ల లేస్తుందో అంత సమజైంది," అనేవాడు.

సమజవడంలో వింతేమీ లేదు. ముప్పై ఏళ్ళు ఆయన చేసిన పనే అది. ఏటవాలుగా భూమిలోకి దిగే గని మొగదల ఒక ఇంజిన్ గది ఉండేది. ఇంజిన్‌కు చుట్టిన ఇనుప తాడు కిందికి, చీకట్లోకి పోయేది. తాడు కొసన బొగ్గు టబ్బులు. కింద ఉన్నవాళ్ళు గంట కొట్టేవాళ్ళు. ఒకటి కొడితే ఆపాలి, రెండు కొడితే లాగాలి, మూడు కొడితే దింపాలి. పైన లీవరు పట్టుకుని కూర్చున్న కాకకు టబ్బులు కనబడవు, మనుషులు కనబడరు, గంట ఒక్కటే వినబడుతుంది. తప్పు వింటే కింద ప్రాణాలు పోతాయి. సర్వీసు మొత్తంలో కాక ఒక్కసారి కూడా తప్పు వినలేదు. ఇది ఆయన చెప్పుకున్న గొప్ప కాదు. ఆయన రిటైరైన రోజు దండలు వేసిన ప్రతివాడూ చెప్పిన మాట. "నీ చెవి మీద బతికినం అన్నా" అని ఒకాయన ఏడ్చాడు కూడా. ఆ పేరు కాకకు పెన్షన్ కంటే ఎక్కువ.

నేను కంపెనీ స్టోర్సులో గుమాస్తాను. గుర్రానికి నాలుగు కాళ్ళుంటాయన్నంతవరకే నా జ్ఞానం. మూసేసిన గని గేటు ఎదురుగా యూసుఫ్ భాయ్ టీ హోటల్ ఉంది. పేరుకు హోటల్ గానీ నాలుగు బెంచీలు, ఒక గ్యాసు పొయ్యి. అక్కడికి టీ కోసం వెళ్ళి ఇరుక్కుపోయాను. రేసు ఉన్న రోజు మధ్యాహ్నం కాగానే కాక తన ఫోను తెచ్చి బిస్కట్ల సీసా పక్కన బోర్లా పెట్టేవాడు. గమనించండి, బోర్లా. బొమ్మ చూడకూడదు. "చూసినవంటే పెద్ద గుర్రం మీదికే కన్ను పోతది. వినాలె. విన్నోనికి అన్ని గుర్రాలు సమానం," అనేవాడు.

రేసు మొదలైతే కళ్ళు మూసుకునేవాడు. కుడిచెయ్యి గాల్లో లేని లీవరు పట్టుకునేది. గుర్రాలు ఆఖరి మలుపు తిరిగి నేరుగా గీత వైపు వచ్చే వేళకు ఆ చెయ్యి మెల్లగా వెనక్కి లాగేది. అలా లాగి లాగి రెండు టీ గ్లాసులు పగలగొట్టాడు. అప్పటినుంచి యూసుఫ్ భాయ్ ఆయన టీ ఎడమవైపే పెట్టేవాడు.

ఇంకో మనిషి కొమరయ్య. గనిలో పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని చేసి రిటైరయ్యాడు. కాకకు ప్రాణ స్నేహితుడు, అంటే రోజూ పోట్లాడేవాడు. కొమరయ్య ఫోనులో ప్రసారం కాక ఫోను కంటే పది క్షణాలు ముందు వచ్చేది. ఎందుకో మా ఎవరికీ తెలియదు. కాక ఫోనులో గుర్రాలు మలుపులో ఉండగానే కొమరయ్య తొడ చరుచుకుని "నాలుగో నంబర్ కొట్టింది!" అనేవాడు.

"నేను ఇంక మలుపే తిరగలే, నువ్వు ఇంటికి పోయినవా? బంద్ చెయ్ ఆ డబ్బ!" అని కాక లేచేవాడు.

"నా ఫోన్ మంచిది. నేనేం చెయ్యాలె అన్నా?"

"మంచిదైతే జేబుల పెట్టుకొని మూస్కొని కూసో."

చివరికి యూసుఫ్ భాయ్ రాజీ చేశాడు. హోటల్లో ఒక్క ఫోనే మోగాలి, రెండోది చక్కెర డబ్బాలో ఉండాలి. కొమరయ్య ఫోను ఆ తర్వాత చాలాకాలం తీపిగా ఉండేదని అందరం నవ్వేవాళ్ళం.

గుర్రాల గురించి మాట్లాడుకున్నది తక్కువ. అసలు చర్చంతా వ్యాఖ్యానం చెప్పేవాళ్ళ మీద, ప్రసారం చేసేవాళ్ళ మీద, అధికారుల మీద. కాక దగ్గర వ్యాఖ్యాతలకు మార్కులుండేవి. ఒకడికి గొంతు ఉంది, ఓపిక లేదు. ఒకడు పేరున్న గుర్రాన్ని పట్టుకుని వేలాడతాడు, పక్కనుంచి వచ్చేదాన్ని చూడడు. ఇంకొకడు చివరి రెండొందల మీటర్లలో అరిచే అరుపుకు గుర్రాల డెక్కలు కూడా వినబడవు. వీళ్ళందరికీ పైన ఒక ముసలాయన. ఆయన్ను కాక "మా సారు" అనేవాడు. ఆ సారు గెలిచిన గుర్రం చెప్పి ఊరుకోడు, రెండోది, మూడోది చెబుతాడు, ఊపిరి తీసుకుని ఆఖరిగా వచ్చిన గుర్రం పేరు కూడా చెబుతాడు. కాకకు అది చాలు. "ఆఖరుకొచ్చింది గూడ ఉరికింది గదా బిడ్డా. దాని పేరు ఎందుకు మింగుతరు?" అని అడిగేవాడు.

ప్రసారంవాళ్ళ మీద కోపం ఇంకా ఎక్కువ. గుర్రాలు గీత దగ్గరికి రాగానే ఒకసారి ఫోనులో సబ్బు ప్రకటన మొదలైంది. "గీడికి తోల్కొచ్చి సబ్బు అమ్ముతుండు సూడు!" అని కాక ఆ మాట వారం రోజులు చెప్పాడు. ఆ సబ్బు ఇంట్లో వాడొద్దన్నాడు. కాక భార్య, మా చిన్నమ్మ, మాత్రం ఆ సబ్బే తెచ్చింది, వాసన బాగుందని.

రేసులో ఒక గుర్రం ఇంకోదానికి అడ్డం వస్తే స్టీవార్డులు విచారణ పెడతారు. మైకులో "ఎంక్వైరీ" అని చెబుతారు. తీర్పు వచ్చేదాకా ఫలితం ఖాయం కాదు. లోకంలో ఉన్న మాటల్లో కాకకు అంత ఇష్టమైన మాట ఇంకోటి లేదు. కాలనీలో నీళ్ళు రాకపోతే ఎంక్వైరీ. ఇస్త్రీ చొక్కా మీద మరక పడితే ఎంక్వైరీ. పప్పులో ఉప్పెక్కువైందని ఒకనాడు ఇంట్లో కూడా ఎంక్వైరీ అన్నాడట. "పెట్టు, మంచిగ పెట్టు. తీర్పు వచ్చేదాక నేను పొయ్యి ముట్టియ్య," అని చిన్నమ్మ గడపలో కూర్చుంది. ఆ రోజు యూసుఫ్ భాయ్ దగ్గర కాక మూడు బన్నులు తిన్నాడు.

పందెం మాత్రం ఎన్నడూ కాయలేదు. "తీర్పు చెప్పేటోడు పందెం కాయద్దు" అనేవాడు. తీర్పు చెప్పమని ఎవరూ పిలవలేదే అని కొమరయ్య ఆటపట్టిస్తే, "పిలుస్తరు, ఎన్నడన్న పిలుస్తరు" అని గంభీరంగా అనేవాడు.

తీర్పు నచ్చని రోజు రేసు క్లబ్బుకు ఉత్తరం రాయించేవాడు. రాసేది నేను. కాక చెప్పేవాడు, నేను దాన్ని మర్యాదలోకి మార్చేవాణ్ణి. ఒకసారి తప్పు గుర్రానికి గెలుపు ఇచ్చారని మండిపడి ఒక ఉత్తరం చెప్పాడు. నకలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. తప్పు తీర్పు చెప్పిన స్టీవార్డును నాలుగు రేసు దినాలు నోరు మూయించి ఓ పక్కన కూర్చోబెట్టాలని అందులో డిమాండు. చివరి వాక్యం మార్చడానికి ఆయన ఒప్పుకోలేదు. "తప్పైతే తప్పని మైకుల చెప్పుండ్రి. చెప్తె మీ ఇజ్జత్ పోదు." జవాబు రాలేదు. ఏ ఉత్తరానికీ రాలేదు. ఆఫీసరన్నవాడు తప్పైందని చెప్పగా తాను వినలేదని, విన్నరోజు గుర్రాల ముచ్చట బంద్ చేస్తానని అనేవాడు.

అలాంటి మనిషిని నిజంగానే పిలిచారు. గుర్రాలకు కాదు, ఎడ్లకు.

కొమరయ్య బామ్మర్ది, అంటే చెల్లెలి భర్త, ఇచ్చోడ నుంచి లోపలికి పోయే ఒక ఊళ్ళో పత్తి పండిస్తాడు. ఏటా పత్తి ఏరడం అయిపోయాక అక్కడ ఎడ్ల పందేలు జరుగుతాయి. మరాఠీ కలిసిన ఆ ఊళ్ళలో వాటిని పట్ అంటారు. రెండు జతల ఎడ్లను పక్కపక్కన ఉరికిస్తారు, సున్నంతో గీసిన గీతను ఏ జత ముందు దాటితే దానిది గెలుపు. గీత దగ్గర మైకు పట్టుకుని ఒక పెద్దమనిషి నిలబడాలి. అంతకుముందు ఏడు ఆ పెద్దమనిషి చెప్పిన తీర్పుకు కొట్లాట అయిందట. కొమరయ్య తన బామ్మర్దికి కాక గురించి చెబితే, ఆయన కాకను రమ్మని కబురు పంపాడు. కాక రెండు రోజులు నిద్రపోలేదని చిన్నమ్మ చెప్పింది. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, కొమరయ్యనూ నన్నూ వెంటబెట్టుకుని బయల్దేరాడు.

పొద్దుటినుంచీ కాక రాజ్యమే. జత జతకూ జత యజమాని పేరు, ఊరి పేరు చెప్పాడు. ఉట్నూర్ వైపు నుంచి జీపుల్లో వచ్చిన గోండు రైతుల పేర్లు ముందే అడిగి రెండుసార్లు పలికి చూసుకున్నాడు. ఓడిన జత పేరు కూడా చెప్పి చప్పట్లు కొట్టించాడు. "ఆఖరు జత నడిచినా ఫికర్ లేదు, ఇంటికి పోయినంక రెండు పూటల కుడితి పెట్టుండ్రి," అంటే జనం ఈలలు వేశారు. తేడాలన్నీ పెద్దవి కావడంతో ఎవరికీ పేచీ లేదు. నాకైతే గర్వంగా అనిపించింది, నా ఇంటి మనిషిని చూసుకున్నట్టు.

ఆఖరి పందెం కొమరయ్య బామ్మర్ది ఎడ్లకూ, జంగు అనే గోండు రైతు ఎడ్లకూ పడింది. గెలిచినవాడికి పత్తికి మందు కొట్టే బ్యాటరీ పంపు బహుమతి. బామ్మర్ది ఎడ్ల మెడల్లో పెద్ద ఇత్తడి గంటలున్నాయి. ఊరేగింపుకు కట్టినవి, గొప్ప కోసం అలాగే ఉంచాడు. జంగు ఎడ్ల మెడలో నల్ల తాడు తప్ప ఏమీ లేదు.

రెండు జతలూ సమానంగా వచ్చాయి. దుమ్ము లేచింది. గీత ఇంకా పది బారలు ఉందనగా నేను కాక వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కుడిచెయ్యి వెనక్కి లాగుతోంది. గంటలు గణగణమంటూ దాటిపోయాయి.

"గీ ఊరి జత! మెడంత తేడ!" అన్నాడు కాక మైకులో.

జనంలో చిన్న గొణుగుడు లేచి ఆగిపోయింది. పొద్దుటినుంచీ అంత బాగా చెప్పిన మనిషి తప్పు చెబుతాడని ఎవరనుకుంటారు? జంగు గీత వైపు ఒకసారి చూశాడు, కాక వైపు ఒకసారి చూశాడు. ఎడ్లను పక్కకు తోలుకుపోయి తువ్వాలతో వాటి మూతులు తుడవసాగాడు. బామ్మర్ది పంపును భుజానికి తగిలించుకుని ఫోటోలు దిగాడు.

అన్నాల దగ్గర కూర్చున్నాం. కాక ముద్ద నోటిదాకా తీసుకుపోయి ఆగాడు. దూరంగా జంగు ఎడ్లకు నీళ్ళు పెడుతున్నాడు.

"ఆ ఎడ్లకు గంటలు లేవా?" అని అడిగాడు.

"లేవు కాక," అన్నాను.

"మొదటిసంది లేవా?"

"లేవు."

ముద్ద కంచంలో పెట్టేశాడు. "నువ్వు గీత దగ్గరనే ఉంటివి. ఏం చూసినవ్?"

నేను చూశాను. జంగు ఎడ్లు ముందు దాటాయి. కానీ ఆయన ముఖం కూడా చూశాను. "దుమ్ముల సరిగ్గ కనబడలే కాక," అన్నాను. ఆ అబద్ధానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆయనకు అది అబద్ధమని వెంటనే తెలిసిపోయింది. చెవి అలాంటిది.

కొమరయ్య ఆ పందెం ఫోనులో తీశాడు. కాక అది చూపించమన్నాడు. ఏనాడూ బొమ్మ చూడని మనిషి నా కళ్ళద్దాలు అడిగి తీసుకుని మూడుసార్లు చూశాడు. మూడోసారి చూశాక ఫోను బోర్లా పెట్టి నా కళ్ళద్దాలు తిరిగి ఇచ్చాడు. నోరు మూసుకుని జీపెక్కితే ఎవరికీ తెలియదు. ముప్పై ఏళ్ళ పేరు ముప్పై ఏళ్ళ పేరుగానే ఉంటుంది. లేచి చెబితే, ఎన్నడూ తప్పు వినని మనిషి అన్న మాట ఆ క్షణంతో అయిపోతుంది. మా ముగ్గురికీ ఆ సంగతి తెలుసు.

"పోనియ్ అన్నా. ఊరు గాని ఊరు. నా చెల్లె మొగడు ఊర్ల తలెత్తుకొని తిరగాలె," అని కొమరయ్య ఆయన చొక్కా పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్, కొమరయ్యా," అని కాక లేచాడు.

బామ్మర్ది ఎదురొచ్చాడు. "మైకుల చెప్పినంక మల్ల మార్చుడేంది? మా ఊర్ల నా ఇజ్జత్ ఏమైతది?"

"పోయేది నీ ఇజ్జత్ కాదు బిడ్డా, నాది. జర తొవ్వ ఇయ్యి."

మైకు ముందు నిలబడ్డాడు. ఒకసారి దగ్గాడు. మళ్ళీ దగ్గాడు.

"అందరు జర ఆగుండ్రి. ఎంక్వైరీ ఉన్నది. ఆఖరి పందెంల పెద్దమనిషి తప్పు చేసిండు. పెద్దమనిషంటె నేనే. కండ్లు తెరిచి చూడాల్సినోన్ని కండ్లు మూసుకొని గంటలు విన్న. గంటలు లేని ఎడ్లు ముందట దాటినయి. నాకు వినబడలే. జంగు జత గెలిచింది, మెడంత తేడ. ఎడ్ల తప్పు లేదు, తోలినోళ్ళ తప్పు లేదు. తప్పు నాది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇలాంటిదానికి చప్పట్లు కొట్టాలో కొట్టకూడదో ఎవరికీ తెలియదు. చివరికి ఆ ఊరి పటేల్, ముసలాయన, కర్ర పట్టుకుని నడిచి వచ్చి బామ్మర్ది భుజం మీది పంపును తనే విప్పి జంగుకు ఇచ్చాడు. జంగు దాన్ని తీసుకుని, ఎడ్లను తోలుకుని వెళ్ళిపోయాడు. కాక వైపు చూడను కూడా చూడలేదు. కొమరయ్య మాతో రాకుండా బామ్మర్ది ఇంట్లోనే ఉండిపోయాడు.

తిరుగు జీపులో నేనూ కాకే. ఇచ్చోడ దాటాక ఒక్కమాట అన్నాడు. "ఎడ్లు గాబట్టి సరిపోయింది. గదే కింద మనుషులుంటే?"

"నీ పనిల ఎన్నడు తప్పు వినలేదు గదా కాక," అన్నాను.

"ఏమో మరి. ఇప్పుడు నాకు డౌటొస్తుంది," అన్నాడు. ఒక మనిషి వెనక్కి తిరిగి తన ముప్పై ఏళ్ళను అనుమానంగా చూసుకోవడం నాకు చేతనైతే ఆపేవాణ్ణి.

కొమరయ్య పది రోజులు హోటలుకు రాలేదు. కాక ఫోను తెచ్చి పెట్టేవాడు గానీ పెద్దగా మాట్లాడేవాడు కాదు. చక్కెర డబ్బా ఖాళీగా కనబడేది, అంటే చక్కెర ఉందనుకోండి. పదకొండో రోజు కొమరయ్య వచ్చాడు. బెంచీ మీద కూర్చోకుండా నిలబడే అన్నాడు.

"యూసుఫ్ భాయ్, ఎంక్వైరీ పెట్టాలె. గీ అన్న మీద."

కాక తలెత్తాడు.

"తప్పు తీర్పు చెప్పిన స్టీవార్డుకు ఏం శిక్ష ఎయ్యాలెనని రాయించినవ్ అన్నా? నాలుగు రేసు దినాలు నోరు మూయించి పక్కన కూసోబెట్టాలె. నువ్వే గదా రాయించింది?"

కాక నా వైపు చూశాడు. నకలు నా దగ్గరుందని ఆయనకు తెలుసు. "నేనే రాయించిన," అన్నాడు.

"అయితె నాలుగు దినాలు గీ హోటల్ల నువ్వు నోరు తెరవద్దు."

యూసుఫ్ భాయ్ గరిటె పక్కన పెట్టి చాలా ఆలోచించి తీర్పు ఖాయం చేశాడు. "ఔర్ ఏక్ బాత్. మధ్యల మాట్లాడితే ఇంక రెండు దినాలు ఎక్కువ."

కాక లేచి నిలబడి ముగ్గురికీ నమస్కారం పెట్టి కూర్చున్నాడు. నోరు మూశాడు. కొమరయ్య వచ్చి ఆయన పక్కనే కూర్చుని తన ఫోను తీసి చక్కెర డబ్బాలో వేశాడు. అప్పుడు నా మనసు కుదుటపడింది.

ఆ నాలుగు దినాల వినోదం నేను జన్మలో మరచిపోను. మొదటి దినం వ్యాఖ్యాత ఒక గుర్రాన్ని ఇంకో పేరుతో ఆఖరి మలుపు దాకా పిలిచాడు. కాక ముఖం వంకాయ రంగుకు తిరిగింది. రెండో దినం సరిగ్గా గీత దగ్గర మళ్ళీ ప్రకటన వచ్చింది. కాక లేచి హోటలు చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చి కూర్చున్నాడు. మూడో దినం కొమరయ్య కావాలని ఆ అరిచే వ్యాఖ్యాతను పట్టుకుని "గీయన గొంతే గొంతు, మిగతా అందరు దండుగ" అని పొగిడాడు. కాక పెదవి కొరుక్కున్నాడు తప్ప కిక్కురుమనలేదు. చిన్నమ్మ ఒకనాడు హోటలు ముందు నుంచి పోతూ ఆగి, "గీ శిక్ష ఇంట్ల గూడ ఎయ్యరాదు?" అని యూసుఫ్ భాయ్‌ను అడిగింది.

నాలుగో దినం ఇంకో రెండు రేసులే మిగిలాయి. గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. తల మీద రుమాలు, చేతిలో చిన్న సంచి. నేను గుర్తుపట్టేలోపు కాక గుర్తుపట్టాడు. జంగు. ఉట్నూర్ దాటి లోపలున్న ఊరు నుంచి జీపు, రెండు బస్సులు మారి వచ్చాడు. సంచి కాక ముందు పెట్టాడు. కొత్త కందులు.

"గీ నెల ఆఖరుకు మా ఊర్ల పట్ ఉన్నది. పెద్దమనిషిగ నువ్వు రావాలె," అన్నాడు.

కాక నోరు తెరవలేదు. జంగు ముఖం చిన్నబోయింది. కోపంగా ఉన్నాడనుకున్నాడు. నేను గబగబా శిక్ష సంగతి, మధ్యలో మాట్లాడితే రెండు దినాలు పెరిగే సంగతి చెప్పాను. జంగుకు నమ్మకం కుదరలేదు, కొమరయ్య వైపు చూశాడు. కొమరయ్య అవునన్నట్టు తలూపి, తల గోక్కుంటూ అడిగాడు.

"నీకు తప్పు తీర్పు చెప్పిన మనిషి గదా. వేరేటోళ్ళు దొరకలేదా?"

"దొరికిండ్రు. ముగ్గుర్ని అడిగిన," అన్నాడు జంగు. "వాళ్ళు ఎన్నడు తప్పే చెయ్యలేదట. నాకు భయమైంది."

పొయ్యి మీద పాలు పొంగి మంట మీద పడుతున్నా యూసుఫ్ భాయ్ చూసుకోలేదు. కాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకొక్క గంట ఆగితే శిక్ష అయిపోతుంది, అప్పుడు తీరిగ్గా చెప్పొచ్చు. చేతితో సైగ చేసినా సరిపోయేది. ఆయన ఆగలేదు.

"వస్త," అన్నాడు.

అని, మేమెవరం ఏమీ అనకముందే, యూసుఫ్ భాయ్ వైపు తిరిగి రెండు వేళ్ళు ఎత్తి చూపించాడు.